లిఫ్టుకీ కార్డే, కరెంటుకీ కార్డే!

చుట్టాల పెళ్ళికని నెల్లూరు నుంచి చెన్నై పోయి, మావాడి పోరు పడలేక ఆకాశమంత ఎత్తున్న స్టార్ హోటల్లో దిగినాం. ఏం సుఖం సామీ అది! లిఫ్ట్‌లో బటన్ నొక్కితే కదలదు, కార్డు పెట్టాలంట, పెట్టినా మన ఫ్లోర్‌కే పోద్ది, వేరే ఫ్లోర్‌లో ఉండే మా పెద్దమ్మని చూడాలంటే పాపం మోకాళ్ళ నొప్పుల మనిషి ఆమే కిందికొచ్చి మమ్మల్ని తీసకపోవాల. రూమ్‌లో మళ్ళీ ఆ కార్డే గోడకి గుచ్చితేనే కరెంటు, తీసి బయటికి పోతే ఛార్జింగ్‌లో పెట్టిన ఫోను కూడా ఆగిపోద్ది. కిటికీ గోడంత ఉండాది, తెరవను రాదు, సరే ఎత్తుగదా సేఫ్టీ అనుకుంటాం, మరి బాత్రూముకి గాజు గోడ ఏందయ్యా? పిల్లాజెల్లాతో వచ్చినోళ్ళు ఏమైపోవాల?

తిండి గురించి వద్దులే, ఊళ్ళో కారం దోశ తినే నోటికి అది ఎక్కదు.

బిల్లు చూస్తే అసలు మంట. రూమ్ రేటు రోజుకి 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ, అది గవర్నమెంటుది, కడతాం. భోజనం బిల్లులో సర్వీస్ ఛార్జి అని ఇంకోటి ఏందంట? అడక్కుండా వెయ్యకూడదని 2022లోనే సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టూ అదే అనింది. తీసెయ్ నాయనా అంటే ఆ కుర్రోడు మేనేజర్‌ని అడిగొస్తానని పోయినోడు ఎంతకీ రాడే, ఈడ పినాకిని రైలుకి టైమైపోతా ఉంటే!