కారు తెర మీది శాతాలతో కరెంటు లెక్క తేలదు

ఎలక్ట్రిక్ కార్లవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "చార్జింగ్‌కి ఎంత కరెంటు అయిందో తెలియడానికి మీటరు అక్కర్లేదు. 30 యూనిట్ల బ్యాటరీ 20 శాతం నుంచి 100కి ఎక్కితే సరిగ్గా 24 యూనిట్లు. వైరు చుట్టూ తగిలించే క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి 230తో గుణించినా అదే వస్తుంది. నెమ్మదిగా చార్జ్ చేస్తే ఇంకా ఆదా. బిల్లులో అంతకు మించి వస్తే మీటరు ఎక్కువ తిరుగుతున్నట్టే, ఫిర్యాదు పెట్టండి." ఇందులో ఒక్క మాటా నిలబడదు. పైగా దీన్ని నమ్మినవాళ్లు బాగున్న మీటరును అనుమానిస్తూ, ప్రమాదం పొంచి ఉన్న వైరింగ్‌ను చూడకుండా వదిలేస్తారు.

ముందు ఆ 24 యూనిట్ల సంగతి. అది బ్యాటరీలోకి చేరిన లెక్క. గోడ సాకెట్ నుంచి లాగినది అంతకన్నా ఎక్కువ. ఇంటికి వచ్చేది ఏసీ కరెంటు, బ్యాటరీ తీసుకునేది డీసీ. మార్చే పని కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్‌ది, ఆ మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. చార్జింగ్ నడిచినంతసేపూ బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్స్, కూలెంట్ పంపు, 12 వోల్టుల చిన్న బ్యాటరీని నింపే కన్వర్టర్ కూడా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. మే నెల ఎండలో బ్యాటరీని చల్లార్చడానికి కంప్రెసర్ కూడా తోడవుతుంది. ప్లగ్ పెట్టి ఉండగానే క్యాబిన్‌ను చల్లబరిస్తే ఆ ఖర్చు మీటరులో పడుతుంది, బ్యాటరీ శాతంలో కనబడదు. ఇంటి చార్జింగ్‌లో 10 నుంచి 15 శాతం ఇలా పోవడం మామూలే. అంటే 24 యూనిట్లు బ్యాటరీకి చేరాలంటే మీటరులో 27, 28 పడతాయి. తెర మీద యూనిట్‌కి 8 కిలోమీటర్లు కనబడితే, బిల్లు లెక్కన అది 7 దరిదాపుల్లో ఉంటుంది. మన దేశంలో విద్యుత్ వాహనాల వినియోగాన్ని కొలిచే ఏఐఎస్-039 ప్రమాణం కూడా చార్జర్‌కి ముందే, మెయిన్స్ దగ్గర తీసుకున్న కరెంటునే లెక్కిస్తుంది. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ కార్ల లేబుల్ మీద ఇచ్చే వినియోగంలోనూ చార్జింగ్ నష్టాలు కలిసే ఉంటాయి.

పైగా ఆ శాతం కొలత కాదు, అంచనా. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీల్లో చార్జ్ చాలామేరకు మారినా వోల్టేజ్ పెద్దగా కదలదు. అందుకే శాతం మెల్లగా తప్పు పడుతూ పోతుంది, నూరు శాతం దాకా చార్జ్ చేసినప్పుడే మళ్లీ సరిచేసుకుంటుంది. బ్రోచర్‌లోని సామర్థ్యం మొత్తం వాడకానికి రాకపోవచ్చు. వచ్చినా, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది.

క్లాంప్ మీటరు లెక్క ఇంకా బలహీనం. వోల్టేజ్ ఎప్పుడూ 230 ఉండదు. సాయంత్రం 205కి పడిపోయిందనుకోండి: 14.5 ఆంపియర్లకు మీ లెక్క 3335 వాట్లు, నిజంగా వెళ్తున్నది 2970. కార్ల చార్జర్లలో పవర్ ఫ్యాక్టర్ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజమైన వాట్ల వంతు) పూర్తి లోడ్ మీద దాదాపు 1 ఉంటుంది కాబట్టి ఆ తేడా తక్కువే. కానీ పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే సర్క్యూట్ లేని చౌకరకం స్కూటర్ చార్జర్లలో అది 0.6, 0.7 దగ్గరే ఉండొచ్చు. అక్కడ ఆంపియర్లను వోల్టులతో గుణిస్తే వచ్చేది వాట్లు కానేకాదు. వైరు మొత్తానికి క్లాంప్ తగిలించి సున్నా వచ్చిందని కంగారుపడేవాళ్లూ ఉన్నారు: ఫేజు, న్యూట్రల్ రెండూ లోపలుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫేజు వైరు ఒక్కటే పట్టాలి. గంటలతో గుణించడం కూడా కుదరదు. చివర్లో సెల్స్ సమం చేసుకునేటప్పుడు చార్జింగ్ బాగా తగ్గిపోయి చాలాసేపు సాగుతుంది.

నెమ్మదిగా చార్జ్ చేస్తే ఆదా అన్నది పూర్తిగా తలకిందుల మాట. ఎలక్ట్రానిక్స్, పంపులు కలిపి 200 వాట్లు తీసుకుంటాయనుకుందాం. 3.3 కిలోవాట్ల మీద 24 యూనిట్లు ఎక్కడానికి దాదాపు ఎనిమిది గంటలు, వాటి ఖర్చు ఒకటిన్నర యూనిట్. అదే 6 ఆంపియర్లకు తగ్గిస్తే ఇరవై గంటలు, నాలుగు యూనిట్లు. వైరింగ్ బలహీనంగా ఉంటే ఆంపియర్లు తగ్గించడం మంచి పనే, కానీ అది భద్రత కోసం, ఆదా కోసం కాదు.

మరి సరిగ్గా కొలిచేదెలా? చార్జింగ్ లైనుకి విడిగా ఒక సబ్‌మీటరు పెట్టించండి. క్లాస్ 1 (ఒక శాతం ఖచ్చితత్వం) సింగిల్ ఫేజ్ డిన్ రైల్ మీటరు (స్విచ్‌ల పెట్టెలోని పట్టీకి బిగించేది), 10–60 ఆంపియర్లది, 3.3 కిలోవాట్లకీ 7.2 కిలోవాట్లకీ సరిపోతుంది. సాకెట్‌లో గుచ్చే చిన్న మీటర్లు వద్దు. వాటి మీద 16 ఆంపియర్లు అని రాసి ఉన్నా, గంటల తరబడి 14 ఆంపియర్లు మోస్తే పిన్నులు కాలి ప్లాస్టిక్ కరిగే ప్రమాదం ఉంది. కారును నూరు శాతం దాకా నింపి, చార్జింగ్ దానంతట అదే ఆగాక సబ్‌మీటరు రీడింగ్, ఓడోమీటరు రాసుకోండి. తర్వాత కనీసం సగం బ్యాటరీ అయ్యేదాకా ఇంట్లో తప్ప ఎక్కడా చార్జ్ చేయకుండా తిరిగి, మళ్లీ నూరు నింపి రెండూ రాసుకోండి. యూనిట్ల తేడాని కిలోమీటర్ల తేడాతో భాగించి వందతో గుణిస్తే, వంద కిలోమీటర్లకు పట్టే అసలు ఖర్చు వస్తుంది. ఇందులో శాతాల ఊసే లేదు.

ఇంటి మీటరును సరిచూడటం కూడా కష్టం కాదు. ఇంట్లో మిగతావన్నీ ఆపి కారు ఒక్కటే చార్జింగ్‌లో ఉంచండి. మీటరు మీద యూనిట్‌కి ఎన్ని పల్స్‌లో రాసి ఉంటుంది. అది 3200 అయితే, 3.3 కిలోవాట్ల దగ్గర ఎర్రలైటు పది సెకన్లలో దాదాపు 30 సార్లు వెలుగుతుంది. కంటితో లెక్కపెట్టలేరు, ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి లెక్కించండి. ఆ లెక్కకూ సబ్‌మీటరు లెక్కకూ రెండు మూడు శాతం లోపు తేడా ఉంటే మీటరు బాగున్నట్టే.

తేడా అంతకు మించితే మొదట చూడాల్సింది మధ్యలోని వైరు. అపార్టుమెంట్లలో మీటరు ప్యానెల్ నుంచి పార్కింగ్‌కి 60 మీటర్లు ఉండటం అరుదేం కాదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రానూపోనూ 120 మీటర్లంటే దాదాపు 0.89 ఓములు. 14.5 ఆంపియర్లకు 13 వోల్టులు పడిపోతాయి, 187 వాట్లు వైరులోనే వేడిగా పోతాయి. అది లోడ్‌లో 5 శాతం పైనే. 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం 78 వాట్లకు దిగుతుంది. సబ్‌మీటరు కారు పక్కన పెడితే ఈ నష్టం అందులో కనబడదు, బిల్లులో మాత్రం పడుతుంది. కాబట్టి దాన్ని ప్యానెల్ దగ్గరే పెట్టించాలి. అరగంట చార్జింగ్ తర్వాత ప్లగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి, కనెక్షన్లు బిగించడమో సాకెట్ మార్చడమో చేయించండి. అక్కడ పోయేది యూనిట్లు మాత్రమే కాదు, నిప్పంటుకోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం మిగిలితే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, రీడింగ్ వాడకానికి పొసగడం లేదని ఫిర్యాదు అందిన 5 రోజుల్లోపు డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) అదనపు మీటరు పెట్టి, కనీసం 3 నెలలు రెండింటినీ పోల్చాలి. వాహన చార్జింగ్‌కి విడిగా కనెక్షన్ అడిగే వీలు కూడా ఆ సవరణలోనే వచ్చింది. ఫిర్యాదు పత్రంతో పాటు సబ్‌మీటరు రీడింగులు తేదీలతో సహా జతచేయండి, తెర మీది శాతాల ఫొటోలు కాదు.