పద్దు నంబరు లేని ఖర్చు

ప్రభుత్వ లెక్కల పుస్తకంలో ప్రతి ఖర్చుకూ ఒక పద్దు నంబరు ఉంటుంది. న్యాయ పరిపాలనది 2014, దానిని ఆనుకొని ఉన్న 2015 ఎన్నికలది. పోలీసుది 2055, జైళ్లది 2056, మరో రెండంకెలు దాటితే 2058 దగ్గర స్టేషనరీ, ముద్రణ వస్తాయి. పోలీసు నుంచి నేరుగా జైలుకు, జైలు నుంచి కాగితాలకు సాగిపోయే ఈ వరుసలో కోర్టు ఎక్కడా అడ్డు రాకపోవడం గమనిస్తే, ఈ నంబర్లు వేసిన మహానుభావుడెవరో గాని పరిపాలనను క్షుణ్ణంగా ఎరిగినవాడే అనిపిస్తుంది.

ఆర్థిక శాఖకు చెయ్యి రాదని న్యాయవాదులు ఆడిపోసుకుంటూ ఉంటారు. అది నింద. రాష్ట్రాల న్యాయ వ్యవస్థలను తూకం వేసే 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు లెక్క ప్రకారం దేశంలో ఏడాదికి తలసరిన పోలీసు మీద 1,275 రూపాయలు, న్యాయవ్యవస్థ మీద 182, జైళ్ల మీద 57, ఉచిత న్యాయ సహాయం మీద 6 రూపాయల 46 పైసలు ఖర్చవుతున్నాయి. మనిషిని లోపలికి పంపే వాకిలికి ఇంత ఉదారంగా ఖర్చు పెడుతున్న ప్రభుత్వాలను, అతణ్ణి బయటికి తెచ్చే వాకిలి దగ్గర కాస్త చెయ్యి బిగించాయన్న ఒక్క కారణంతో పిసినారులనడం మర్యాద కాదు. ఆరున్నర రూపాయలకు పేదవాడి తరఫున నిలబడే వకీలు దొరకడని వాదించేవారు, అంత డబ్బుకు హైదరాబాదులో ఇరానీ చాయే రాదన్న సంగతి మరిచిపోతున్నారు. చాయే రానిచోట బెయిలు ఎలా వస్తుంది?

జడ్జీల సంగతి పాత ముచ్చటే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. పది లక్షల జనాభాకు 50 మంది ఉండాలని లా కమిషన్ 1987లో చెప్పింది, 2002లో సుప్రీంకోర్టు అదే మాటను ఆదేశంగా ఇచ్చింది, ఇప్పుడు మంజూరైన పోస్టులన్నీ కలిపి లెక్కేసినా సుమారు 21 మంది తేలుతారు. కోర్టు ఆదేశాన్ని అమలు చేయమని మళ్లీ కోర్టుకే వెళ్లాలంటే ఆ పిటిషన్ వినడానికి ఒక జడ్జి కావాలి. ఆ చిక్కు తెలిసే ప్రభుత్వాలు నిశ్చింతగా ఉన్నాయి.

భద్రత విషయంలో మాత్రం మనం ఎవరికీ తీసిపోము. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను వందల కోట్లు పోసి కట్టారు. దానికి నింగినంటే టవర్లున్నాయి, వేల కెమెరాల దృశ్యాలు చూపే తెరలున్నాయి, పైకప్పు మీద హెలిప్యాడ్ కూడా ఉంది. దొంగతనం జరిగిన క్షణాన్ని ఆ తెర మీద ఎంతో స్పష్టంగా చూడవచ్చు. ఆ కేసు తేలే క్షణాన్ని కూడా అక్కడే చూడాలని ఆశపడేవారు, ఆ తెరల ఆయుష్షు గురించి ముందుగా కంపెనీవారిని విచారించుకోవడం మంచిది.

ఇక జైళ్లు. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో ఒక వినూత్న పథకం పెట్టారు. 500 రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీ బట్టలు కట్టుకొని, జైలు కూడు తిని, ఊచల వెనక పడుకోవచ్చన్నారు. అంటే జైలులో ఒక్కరోజు వసతి విలువ ఎంతో ప్రభుత్వమే నిర్ణయించిందన్న మాట. నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీలు 5,73,220 మంది కాగా, వారిలో ఇంకా ఏ నేరమూ రుజువు కాని విచారణ ఖైదీలు 4,34,302 మంది. సంగారెడ్డి రేటున గుణించి చూడండి, రోజుకు 21 కోట్ల 71 లక్షల రూపాయలు! నేరస్థులని ఎవరూ తేల్చని మనుషులకు ఇంత విలువైన వసతిని, నెలల తరబడి, పైసా అడగకుండా సమకూరుస్తూ కూడా ఒక్క ఫ్లెక్సీ కట్టుకోని ప్రభుత్వాల వినయాన్ని ఏమని పొగడాలి? చంచల్‌గూడ జైలువారైతే పెట్రోలు బంకు నడిపి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నారు. న్యాయస్థానాలకు ఇంతవరకు అలాంటి ఆలోచన రాలేదు గాని, ప్రాంగణాల్లోని జిరాక్సు షాపుల గిరాకీ చూస్తే వస్తే తప్పేమీ లేదు.

బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయినవారి కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. మనిషికి 40,000 రూపాయల దాకా ఇస్తామని అప్పుడు చెప్పారు. కాకపోతే, జిల్లాలో కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, ఒక జడ్జి కమిటీగా కూర్చోవాలి. ఆ ఐదుగురూ ఒకే రోజు ఒకే గదిలో ఖాళీగా దొరకడం కన్నా హైకోర్టులో బెయిలు దొరకడం సులువని అనుభవజ్ఞులు అంటారు.

ఇన్ని పద్దుల్లో ఎక్కడా కనిపించని ఖర్చు ఒకటుంది. దాని పేరు వాయిదా. మొన్న ఒక తాలూకా కోర్టు ఆవరణలో, వేపచెట్టు కింద సిమెంటు గట్టు మీద, చద్దిమూట పక్కన పెట్టుకొని ఒక ముసలమ్మ కూర్చొని ఉంది. బంట్రోతు ఆమె కొడుకు పేరు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. కాసేపటికి వకీలు గుమస్తా కట్టలు చంకన పెట్టుకొని వచ్చి, “ఇయ్యాల ఎస్కార్టు లేదంట అవ్వా, పోలీసోళ్లంతా మంత్రి బందోబస్తుకు పోయిన్రు, పద్నాలుగు దినాలకు మళ్ల రా” అన్నాడు.

“అప్పుడన్న తోలుకొస్తరా బిడ్డా?”

గుమస్తా జవాబు చెప్పకుండా పక్క కేసు కట్ట విప్పాడు. ఆమె కొంగుముడి విప్పి, తిరుగు ప్రయాణానికి ఆధార్ కార్డు ఉందో లేదో చూసుకుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. కొంగులో పొద్దున కండక్టరు కొట్టిచ్చిన జీరో టికెట్ కూడా ఉంది. ఆ కుటుంబానికి ప్రభుత్వం నుంచి ఇంతవరకు అందిన న్యాయ సహాయం అదొక్కటే. అది కూడా రవాణా శాఖ పద్దులో పడుతుంది.