సవరణ: రాతిగోడ వెనుక తవ్విన మట్టి నింపడం గురించి

పెరట్లో పల్లంవైపు మట్టి జారకుండా కట్టే రాతిగోడ గురించి ఇంతకుముందు రాసినప్పుడు, పునాదికి తవ్విన మట్టినే వెనుక నింపి దిమ్మిస కొట్టవచ్చని, రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్చాలని పేర్కొన్నాను. ఆ రెండు సూచనలూ తప్పు.

సివిల్ ఇంజనీరింగ్ పాఠ్యగ్రంథాల ప్రకారం గోడను పడదోసేది మట్టి ఒక్కటే కాదు, వెనుక నిలిచే నీరు కూడా. మీటరు ఎత్తు గోడకు నీరు నిండుగా చేరితే, ప్రతి మీటరు పొడవుకూ ఆ నీటి తోపుడే దాదాపు 500 కిలోలుంటుంది. నల్లరేగడి అయితే తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి గోడను ఇంకా కుదిపేస్తుంది. కాబట్టి, ఖర్చు కలిసొస్తుందని మేస్త్రి తవ్విన మట్టే పోయమన్నా, గోడను ఆనుకుని అడుగు వెడల్పున కంకర పోసి, అందులోకి మట్టి దిగకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని పోనిచ్చి మట్టిని ఆపే సింథటిక్ వస్త్రం) అడ్డుపెట్టి, ఆ వెనుకే మట్టి నింపాలి. సిమెంటుతో కట్టిన గోడకు వెనుక నీరు బయటికి పోయేలా కింది వరుసలో పైపు ముక్కలను బయటికి వాలుగా అమర్చాలి. సిమెంటు లేకుండా పేర్చిన గోడకు సందులే నీటిదారి గనుక వాటిని పూడ్చకూడదు.

గోడ ముఖం వాలుగా ఉండాలని అప్పుడు రాసింది సరైన మాటే గానీ, కొందరు దాన్ని బయటివైపు వాలుగా అర్థం చేసుకున్నారు. వాలవలసింది మట్టివైపు, మూడడుగుల ఎత్తుకు సుమారు ఆరంగుళాలు. నాలుగడుగులు దాటే గోడకు ఇంజనీరు చేత డిజైను చేయించుకోవాలి.