కేసులు పోలీసులే ఏరి ఇస్తే ఆ ప్యానెల్ ఎందుకు?

బ్రిటన్‌లో పోలీసుల తీరు న్యాయంగా ఉందో లేదో చూసి సలహా ఇవ్వడానికి స్థానికులను వాలంటీర్లుగా పిలుస్తారు. కొన్నిచోట్ల వీటిని ఇండిపెండెంట్ అడ్వైజరీ గ్రూపులంటారు, కొన్నిచోట్ల స్క్రూటినీ ప్యానెళ్లంటారు. పోలీసులు జనాన్ని దారిలో ఆపి చేసే సోదాల (స్టాప్ అండ్ సెర్చ్) రికార్డులను ఈ ప్యానెళ్లు చూస్తాయి. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు వీటిలో చేరాలనే నా కోరిక. కానీ చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: మా ముందుకు వచ్చే కేసులను ఎంచేది ఎవరు? "మా అధికారులు కొన్ని మంచి ఉదాహరణలు తెస్తారు" అన్నారంటే అది కంటితుడుపు కమిటీ. మీరు వెళ్లేది పరిశీలించడానికి కాదు, ఫొటోలో కూర్చోవడానికి.

ఈ ఏర్పాట్లు ఊరికే రాలేదు. 1981 ఏప్రిల్‌లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో పోలీసులు కొద్ది రోజుల్లోనే 900 మందికి పైగా జనాన్ని దారిలో ఆపారు. తర్వాత అల్లర్లు చెలరేగాయి. వాటిపై విచారణ జరిపిన లార్డ్ స్కార్మన్, పోలీస్ స్టేషన్లలో నిర్బంధంలో ఉన్నవాళ్లను మామూలు పౌరులు వచ్చి చూసే ఏర్పాటు ఉండాలన్నారు. 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి హత్య చేశారు. ఆ కేసు దర్యాప్తు ఎంత ఘోరంగా సాగిందో 1999లో మెక్‌ఫర్సన్ నివేదిక బయటపెట్టింది, లోపం వ్యవస్థలోనే ఉందని తేల్చింది. సలహా బృందాలు విస్తరించింది ఆ తర్వాతే. ఒక కుటుంబం ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన కుర్చీలివి. వాటిలో కూర్చుని తలూపి వస్తే నాకు బాధగా ఉంటుంది.

స్కార్మన్ సూచనలోంచి వచ్చిన కస్టడీ విజిటర్ల పద్ధతి చూడండి. 2002 నాటి పోలీస్ రిఫార్మ్ చట్టం దానికి చట్టబద్ధత ఇచ్చింది. ఇద్దరు వాలంటీర్లు చెప్పాపెట్టకుండా స్టేషన్‌కి వెళ్తారు. లోపలికి పంపాల్సిందే. తిండి పెట్టారా, లాయర్ గురించి చెప్పారా, మందులు ఇచ్చారా అని సెల్‌లో ఉన్నవాళ్లనే అడుగుతారు. ఎప్పుడు రావాలో పోలీసులు నిర్ణయించరు. అక్కడ వీలైంది స్క్రూటినీ ప్యానెల్‌లో ఎందుకు వీలుకాదు?

చేయాల్సింది ఇదీ. గత నెలలో జరిగిన స్టాప్ అండ్ సెర్చ్‌లన్నిటి రిఫరెన్స్ నంబర్లు, కేవలం నంబర్లే, ప్యానెల్‌కి రావాలి. సభ్యుల్లో ఒకరు కంప్యూటర్‌లో యాదృచ్ఛికంగా 10 నుంచి 15 ఎంచుకోవాలి. అంతకు మించితే రెండు గంటల సమావేశంలో మమ అనిపించడమే అవుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలవి, బట్టలు విప్పించిన సోదాలు, ఫిర్యాదు వచ్చినవి కూడా చూడాలి, కానీ విడిగా. వాటిని యాదృచ్ఛికంగా తీసిన వాటితో కలిపి లెక్కిస్తే ఏ శాతానికీ అర్థం ఉండదు.

చాలా ప్యానెళ్లు దెబ్బతినేది తేదీల దగ్గర. సాక్ష్యంగా అవసరం లేని బాడీ కెమెరా వీడియోను లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు మామూలుగా 31 రోజులకు తుడిచేస్తారు. ప్యానెల్ మూడు నెలలకోసారి కూర్చుంటే, చూద్దామనుకునేసరికి వీడియో ఉండదు. సమావేశం ఎప్పుడైనా సరే, ఎంపిక మాత్రం రెండు వారాలకోసారి జరగాలి. ఎంచిన రోజే "వీటిని భద్రపరచండి" అని రాసి పంపాలి. "వీడియో లేదు" అంటే అక్కడితో వదలొద్దు. కెమెరా ఆన్ చేయలేదా, గడువు దాటి తుడిచేశారా, కేసు కోర్టులో ఉంది కాబట్టి చూపించలేరా? మూడూ వేర్వేరు విషయాలు, మూడింటినీ వేర్వేరుగా నమోదు చేయాలి. కోర్టులో ఉన్నదానికి బదులు జాబితాలోని తర్వాతి నంబరు తీసుకోవాలి, అధికారి తెచ్చి ఇచ్చినది కాదు. కోర్టు పని ముగిశాక పాతదాన్ని మళ్లీ అడగాలి.

ఇక రికార్డు చదివే పద్ధతి. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, నా దృష్టిలో అసలు పనంతా ఇక్కడే ఉంది. ముందు సోదాకి గురైన మనిషి జాతి వివరమూ, సోదాలో ఏం దొరికిందన్న గడీ కప్పేయండి. సోదాకి రాసిన కారణం ఒక్కటే చదవండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కు వాళ్లు వేయండి. కత్తి దొరికిందని ముందే తెలిస్తే ఎంత బలహీనమైన కారణమైనా సబబుగానే కనిపిస్తుంది. కానీ 1984 నాటి పేస్ చట్టం (పోలీసుల అధికారాలు, నేర సాక్ష్యాల చట్టం) ప్రకారం సహేతుకమైన అనుమానం సోదాకి ముందే ఉండాలి, దొరికిన వస్తువు దాన్ని వెనక్కి వెళ్లి పుట్టించలేదు. "ఇక్కడ డ్రగ్స్ ఎక్కువ, మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు" అనే రాత తరచూ కనిపించే రకం. అందులో ఆ మనిషి దగ్గర ఫలానా వస్తువు ఉందనుకోవడానికి ఆధారమేదీ లేదు. రంగు, వయసు, వేషం, పాత కేసు ఉండటం వాటంతట అవే కారణాలు కావని ఆ చట్టం కింది నియమావళి స్పష్టంగా చెబుతోంది. ఒక చిక్కుంది: సెక్షన్ 60 ఉత్తర్వు (హింస జరగొచ్చనుకున్న ప్రాంతంలో ఎవరినైనా ఆపి సోదా చేయడానికి వేరే చట్టం కింద ఇచ్చే అనుమతి) ఉన్న ప్రాంతంలో వ్యక్తి మీద అనుమానం అవసరం లేదు. ఇన్‌స్పెక్టర్ లేదా ఆపై అధికారి 24 గంటల వరకు దాన్ని ఇవ్వగలరు. అలాంటప్పుడు కారణం చదివి లాభం లేదు, ఆ ఉత్తర్వునే తెప్పించి చదవాలి.

తర్వాత వీడియో. సోదా మొదలుపెట్టే ముందు అధికారి ఎనిమిది సంగతులు చెప్పాలి: అనుమానానికి కారణం, వెతుకుతున్న వస్తువు, యూనిఫాం లేకపోతే గుర్తింపు కార్డు, తన పేరు లేదా నంబరు, తన స్టేషన్, రికార్డు కాపీ పొందే హక్కు, ఏ చట్టం కింద అన్నది, ఇప్పుడు మిమ్మల్ని ఆపి ఉంచుతున్నామన్న మాట. కాగితం మీద ఎనిమిదికి ఎనిమిదీ టిక్కులుంటాయి. వీడియోలో వినిపించినవే లెక్కించండి. చాలా కెమెరాల్లో బటన్ నొక్కకముందు 30 సెకన్లు బొమ్మ ఉంటుంది, శబ్దం ఉండదు. ఆలస్యంగా ఆన్ చేస్తే ఎందుకు ఆపారన్న మొదటి మాటే పోతుంది. బేడీలు ఎప్పుడు పడ్డాయో, ఎందుకన్నారో చూడండి. బేడీలు వేయడం బలప్రయోగమే, 2017 నుంచి దానికి వేరే ఫారం నింపాలి. ఫారంలో "ప్రతిఘటించాడు" అని రాసి, వీడియోలో కుర్రాడు చేతులు కిందికి వదిలి నిలబడి ఉంటే ఆ తేడాను ఉన్నదున్నట్టు రాయండి. ప్యానెల్ చేయగలిగినవాటిలో ఇంతకంటే విలువైనది లేదు.

పన్నెండు రికార్డులు చూసి "ఫలానా జాతివాళ్లనే ఆపుతున్నారు" అని ప్రకటించొద్దు, మరుసటి రోజే కొట్టిపారేస్తారు. చిన్న నమూనా నాణ్యతను చూపిస్తుంది. వివక్ష తేలాలంటే ఏడాది మొత్తం లెక్కలు కావాలి, జాతివారీగా కావాలి. దేనికోసం వెతికారో అదే దొరికిందా అన్నది కూడా అడగండి. కత్తి కోసమని ఆపి కాస్త గంజాయి దొరికినదాన్ని విజయాల పద్దులో వేయనివ్వొద్దు.

రాసిన సిఫార్సు గోడకు చెప్పుకున్నట్టు కాకూడదంటే ప్రతిదానికీ ఒక నంబరు, బాధ్యుడైన అధికారి, గడువు ఉండాలి. ఒప్పుకోకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. జవాబు వచ్చేదాకా అది ప్రతి మినిట్స్‌లోనూ కనిపించాలి. సోదా చేసిన కానిస్టేబుల్‌తో పాటు ఆ రికార్డు మీద సంతకం పెట్టిన సార్జెంట్‌కి కూడా మీ వ్యాఖ్య చేరాలి. బలహీనమైన కారణాలను దాటనిచ్చింది ఆ సంతకమే.

ఇంకొకటి, నాకు చాలా కోపం తెప్పించేది. ఎవరైనా పోలీసుల చేతిలో గాయపడినా చనిపోయినా, సలహా బృందాన్ని హడావుడిగా పిలిచి "మీవాళ్లకు కాస్త సర్దిచెప్పండి" అంటారు. ఆ పని ఒప్పుకోవద్దు. కుటుంబానికి ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పారో అడగండి. పత్రికా ప్రకటనలో రుజువు కాని మాటలుంటే తీసేయమనండి. వాస్తవాలు తేలకముందు పోలీసుల తరఫున ఒక్క మాట హామీ ఇచ్చినా మీ వీధిలో మిమ్మల్ని మళ్లీ నమ్మరు, నమ్మకపోవడమే న్యాయం.

వరుసగా రెండు సమావేశాల్లో జవాబులు రాకపోతే పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్‌కి (పోలీసు అధికారి కాదు, పోలీసుల పనిని పర్యవేక్షించే ఎన్నికైన ప్రతినిధి) రాయండి, ఆ పదవి లేనిచోట మేయర్ కార్యాలయానికి. పెండింగ్ సిఫార్సుల నంబర్లు జత చేయండి. అప్పటికీ కదలకపోతే రాజీనామా చేసి ఆ ఉత్తరాన్ని బహిరంగపరచండి, సభ్యులెవరి వ్యక్తిగత వివరాలూ, ఏ కేసు వివరాలూ అందులో లేకుండా చూసుకుని. పోలీసు శాఖలను తనిఖీ చేసే జాతీయ ఇన్‌స్పెక్టరేట్, సోదాల మీద బయటివాళ్ల పరిశీలన నిజంగా జరుగుతోందా అని చూస్తుంది. ఒక ప్రతి వాళ్లకూ పంపండి.