చేయి తిరిగేసరికి గడువు తీరే మెకానిక్కులు

కడపలోనో అనంతపురంలోనో సైన్యంలో చేరేవారికి నడిపే కోచింగ్ సెంటర్లో పావుగంట కూర్చోండి. వినబడేదంతా పరుగు గురించే. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేస్తే 60 మార్కులు, పది పుల్ అప్స్‌కు 40. జనరల్ డ్యూటీకా, టెక్నికల్‌కా అన్న ప్రశ్న దరఖాస్తు నింపే రోజు దాకా ఎవరికీ తట్టదు.

ఆ ప్రశ్నను ప్రభుత్వం కూడా పట్టించుకోలేదు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ నియామక పథకం అందులో చేరే అగ్నివీరులందరినీ ఒకే గాటన కట్టింది. ఏ ట్రేడైనా సర్వీసు నాలుగేళ్లే, ఆ తర్వాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం. సైన్యం సగటు వయసు తగ్గాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. లద్దాఖ్‌లో కొండలెక్కే జవానుకు పడుచు ఊపిరితిత్తులు కావాల్సిందే. వర్క్‌షాపులో టీ-90 ట్యాంకు ఇంజిన్ విప్పేవాడికి మాత్రం అనుభవం కావాలి. కొత్త కుర్రవాడు కొంతకాలం శిక్షణలో, మరికొంతకాలం హవల్దారుకు పానాలు అందిస్తూ గడుపుతాడు. శబ్దం విని లోపం ఎక్కడుందో చెప్పగలిగే నాటికి గడువు తీరిపోతుంది.

పాత పద్ధతి గొప్పదని కాదు. పదిహేనేళ్లకు పింఛను అర్హత వస్తుంది కనుక, ముప్పై అయిదు దాటకుండానే బయటికొచ్చిన టెక్నీషియన్లు రాయలసీమ ఊళ్లలో కావలసినంత మంది. కర్నూలులో నేనెరిగిన ఒక బ్యాంకు గార్డు సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా చేసి వచ్చాడు. బ్యాంకు జనరేటర్ మొరాయిస్తే తుపాకీ పక్కన పెట్టి, డీజిల్ లైను స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, పట్టిన ఎయిర్ తీసేస్తాడు. జీతం మాత్రం గార్డుదే.

నైపుణ్యానికి వేరే విలువ ఉందని సైన్యానికి తెలియక కాదు. రెగ్యులర్ సైనికుల్లో ఎక్స్ గ్రూపులో, అంటే సాంకేతిక ట్రేడుల్లో ఉండి, గుర్తింపు పొందిన డిప్లొమా ఉన్నవారికి నెలకు 6,200 రూపాయలు అదనం. అగ్నివీరులకు మాత్రం ట్రేడుతో పని లేకుండా తొలి ఏడాది 30,000, నాలుగో ఏడాది 40,000. జీతంలో ఒకప్పుడు ఒప్పుకున్న తేడాను సర్వీసు కాలంలోనైనా ఎందుకు ఒప్పుకోరు?

తిరిగొచ్చేవారికి ఇక్కడ పని లేదనలేం. పెనుకొండ దగ్గర కియా ఉంది, ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, అనంతపురం కొండల మీద గాలిమరలున్నాయి, గని-శకునాలలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అయితే ఆ సంస్థలు ముందు అడిగేది ఐటీఐ లేదా డిప్లొమా కాగితం. నాలుగేళ్లు నిండాక ఒకేసారి చేతికొచ్చే సేవానిధి సొమ్ము సుమారు 11.71 లక్షలు. మన దగ్గర అంత సొమ్ము ఒక్కసారిగా ఇంటికొస్తే చెల్లి పెళ్లికో, కొత్త బోరుకో పోతుంది. బోరులో నీళ్లు పడతాయన్న హామీ ఏ పథకమూ ఇవ్వదు.

2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి బ్యాచ్‌కు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. కొనసాగింపు శాతాన్ని ట్రేడు వారీగా నిర్ణయించి, సిగ్నల్స్, ఈఎంఈ వంటి విభాగాల్లో సగానికి పైగా ఉంచుకోవడం సైన్యానికే లాభం. మిగిలినవారికి సర్వీసులో ఉండగానే ఐటీఐతో సమానమైన పరీక్ష పెట్టి, ఆ సర్టిఫికెట్టు చేతికిచ్చి పంపాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు మాజీ సైనికుల జాబితాను ట్రేడు వారీగా రాసి ఫ్యాక్టరీలకు అందిస్తే చాలు. దానికి ఢిల్లీ అనుమతి కూడా అక్కర్లేదు.