గడ్డాన్ని ఛాతీకి కుట్టేశారట!

వారం నుంచి కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫోటో. తల వంచుకున్న పేషెంటు, గడ్డం కింద నుంచి ఛాతీకి లావుపాటి దారంతో కుట్టు. కింద రాత: "గాలిగొట్టం ఆపరేషన్ చెడగొట్టి తల ఎత్తకుండా కుట్టేశారు. మెడ జీవితాంతం ఇంతే. పైగా బిల్లు కోసం పక్కన కండ తెచ్చి అతికించారు. మీవాళ్లకు ఇలా చేస్తే ఇంట్లోనే కత్తిరించేయండి."

మా చిన్నాన్న కొడుక్కి ఇదే ఆపరేషన్ అయింది. బండి మీద నుంచి పడి మూడు వారాలు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ట్యూబు ఒరిపిడికి లోపల పుండు పడి, అది మానేటప్పుడు గొట్టం ఇరుకైపోయింది.

చెడగొట్టి కుట్టారన్నది మొదటి అబద్ధం. పెద్దవాళ్ల గాలిగొట్టం పొడవు సుమారు 11 సెంటీమీటర్లే. ఇరుకైన ముక్క తీసేసి, పైకొసనూ కిందికొసనూ దగ్గరికి లాగి కుడతారు. తల ఎత్తితే ఆ లాగుడంతా పచ్చి అతుకు మీదే పడుతుంది. నిద్రలో తల ఒక్కసారి వెనక్కి వాలినా ప్రమాదమే. అందుకని ఆపరేషన్ చివర, టేబుల్ మీదే ఈ కుట్టు వేస్తారు. అమెరికా సర్జన్ హెర్మీస్ గ్రిల్లో పేరుతోనే దీన్ని పిలుస్తారు.

జీవితాంతమా? మామూలుగా వారానికి తీసేస్తారు. మావాడు ఇప్పుడు కొండారెడ్డి బురుజు కింద నిలబడి తలెత్తి పైఅంచు చూస్తాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మెడను మరీ వంచేస్తే వెన్నుపాము దెబ్బతిని కాళ్లూచేతులూ పడిపోయిన కేసులు, చాలా అరుదుగానైనా, వైద్య పత్రికల్లో ఉన్నాయి. తల వెనక్కి పోకుండా ఆపడమే ఈ కుట్టు పని, బలవంతంగా వంచడం కాదు. కొందరు సర్జన్లు కుట్టు మానేసి దిండ్లతోనో పట్టీతోనో సరిపెడతారు.

కండ సంగతి. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని శాఖ ఒకటి గాలిగొట్టం ముందు నుంచి అడ్డంగా పోతుంది. అతుకు దానికి ఒరుసుకుని చిల్లు పడిందా, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అందుకే అవసరమైనవాళ్లకు పక్కనున్న మెడకండనే, రక్తం అందే కొస తెగకుండా తిప్పి, రెండింటి మధ్య పరుస్తారు. అతుకు మానడానికీ ఆ రక్తం పనికొస్తుంది.

ఇక ఇంట్లో కత్తెర పట్టమన్నవాడిని ఏమనాలి? అతుకు విడితే గాలి చర్మం కిందికి చేరి మెడ ఉబ్బుతుంది, ఊపిరి ఆడదు. కుట్టు లాగుతున్నా, చేతులు తిమ్మిరెక్కినా వెంటనే డ్యూటీ నర్సుకు చెప్పండి.

మావాడు ఆ వారమంతా కాగితం మీద రాసి అడిగింది ఒకటే: గడ్డం కింద కాస్త గోకమని.