మూడున్నర ప్యాకెట్ల లెక్క

వంటింట్లో ఉన్న లీటరు నూనె ప్యాకెట్‌ను ఒకసారి తిప్పి చూడండి. ఏదో ఒక మూల 910 గ్రాములు అని ఉంటుంది. నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి లీటరు నూనె కిలో తూగదు. బరువు తగ్గాలనుకునే ఇంట్లో ముందుగా చూడాల్సింది ఈ అంకెనే అంటాను. అది సన్‌ఫ్లవర్ అయినా, వేరుశనగ నూనె అయినా, గానుగలో ఆడించి తెచ్చిన నువ్వుల నూనె అయినా గ్రాముకు 9 కేలరీలు. బియ్యంలోని పిండిపదార్థానికీ పప్పులోని మాంసకృత్తులకూ గ్రాముకు 4 కేలరీలే. ఆ ఒక్క ప్యాకెట్‌లో దాదాపు 8,200 కేలరీలు ఉన్నాయన్నమాట.

మనలో ఎవరైనా బరువు తగ్గాలని మొదలుపెడితే మొదటి వేటు అన్నం మీదే పడుతుంది. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు, వాటిలోకి బెండకాయ వేపుడు. కప్పు అన్నం మానేస్తే సుమారు 200 కేలరీలు తగ్గుతాయి. పుల్కాలతో అందులో చాలావరకు తిరిగొస్తాయి. పళ్లెంలో వడ్డించుకున్న వేపుడులో ఒక టేబుల్‌స్పూన్ నూనె ఉంటే అదింకో 120. నెల తిరిగాక మెషిన్ ఎక్కితే ముల్లు ఉన్నచోటే ఉంటుంది. 'ఏమీ తినకపోయినా తగ్గట్లేదు' అనే మాట మనం రోజూ వింటూనే ఉన్నాం. ఆ మాట అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే నోరు కట్టుకున్నారు. నూనె మాత్రం కూరలో కలిసిపోయి వాళ్ల లెక్కలోకి రాలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. అంటే మూడిళ్లకో ఇంట్లో ఈ పోరాటం నడుస్తోందనుకోవచ్చు. ఇంతమంది ఇంత కష్టపడుతున్నా నూనె గురించి మనం అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ నూనె మంచిది? ఎంత నూనె అని అడిగేవాళ్లు చాలా తక్కువ.

పోయిన వేసవిలో మా ఇంట్లో వారం రోజులు ఒక పని చేశాను. వంటింటి కాటా ఒకటి కొని, పొయ్యి పక్కన పెట్టి, వంట మొదలుపెట్టే ముందూ అయ్యాకా నూనె సీసాను తూచాను. మేం నలుగురం. వంట అమ్మది. "నేను మహా అయితే రెండు గరిటెలు వేస్తాను, అంతకంటే ఎక్కడ వేస్తాన్రా" అంది అమ్మ ముందే. గుత్తి వంకాయ చేసిన రోజు కాటా చూపించిన లెక్క ఇది: పొద్దున దోశలకు 38 గ్రాములు, పప్పు పోపుకు 14, గుత్తి వంకాయకు 96. మొత్తం 148. మనిషికి 37 గ్రాములు, అంటే 333 కేలరీలు. దోశ మీద వేసుకున్న నెయ్యి ఇందులో లేదు. అమ్మ కాటా వంక చూసి, సీసా ఎత్తి మళ్లీ పెట్టి చూసింది. అంకె మారలేదు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. నలభై ఏళ్లుగా చెయ్యి తిరిగిన వంట అది. ఆ చేతికి ఎంత వంచాలో తెలుసు కానీ ఎంత పడిందో తెలియదు. మన వంటల పుస్తకాలు కూడా 'నూనె తగినంత' అనే రాశాయి.

మరి ఎంతైతే తగినంత? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి పళ్లెంలో నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి 27 గ్రాములని అందులో లెక్క కట్టారు. నలుగురున్న ఇంటికి నెలకు 3,240 గ్రాములు. అంటే లీటరు ప్యాకెట్లు మూడున్నర. నెయ్యి కూడా అందులోంచే పోవాలి. ఇది బరువు తగ్గాలనుకునేవాళ్ల కోసం పెట్టిన కోత కూడా కాదు, మామూలు మనిషి లెక్క. కిరాణా చీటీ తీసి నెలకు ఎన్ని ప్యాకెట్లు రాస్తున్నామో చూసుకుంటే మన ఇల్లు ఎక్కడుందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. కేలరీల యాప్ అక్కర్లేదు, డైటీషియన్ అక్కర్లేదు.

దేశం మొత్తం లెక్క కూడా ఇలాగే ఉంది. నీతి ఆయోగ్ 2024 నివేదిక ప్రకారం వంటనూనెల వాడకం తలకు ఏడాదికి 19.7 కిలోలు. రోజుకు 54 గ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి చెప్పేది ఏడాదికి 12 కిలోలు. 2025 జనవరిలో డెహ్రాడూన్‌లో జాతీయ క్రీడల ప్రారంభోత్సవంలోనూ, మరుసటి నెల మన్ కీ బాత్‌లోనూ నూనె వాడకం 10 శాతం తగ్గించుకోమని ప్రధాని పిలుపునిచ్చారు. మంచి పిలుపే. ఆ స్థాయి నాయకుడు వంటింటి నూనె గురించి మాట్లాడటం నాకు నచ్చింది. అయితే 54లో 10 శాతం తీసేస్తే ఇంకా 48 దాటే ఉంటుంది. పైగా ఇంట్లో ఎంత వాడుతున్నామో తెలియనప్పుడు అందులో పదో వంతు తగ్గించడం ఎలా? కొలత ముందు రావాలి. కోత దాని వెనకే వస్తుంది.

కొలత మనకు కొత్త కూడా కాదు. మా అమ్మమ్మ కాలంలో నూనె గిద్దెల లెక్కన కొనేవారు. గిద్దెడు నూనె తెస్తే అది ఇన్ని రోజులు రావాలని ముందే అనుకునేవారు. నూనె ఖరీదైన సరుకు, అందుకే పండగకీ చుట్టాలకీ దాచేవారు. గుత్తి వంకాయ, పూర్ణాలు, గారెలు అలాంటి రోజుల వంటలు. 1994లో పామోలిన్ దిగుమతులకు తలుపులు తెరిచాక నూనె క్రమంగా అందరికీ అందుబాటులోకి వచ్చింది. పేదింటి కూరలోకి కూడా పోపు పడింది, అది మంచి మార్పే. కానీ పండగ వంట రోజువారీ వంటైపోయింది, గిద్దె పోయి ఐదు లీటర్ల క్యాన్ వచ్చింది. క్యాన్ ఎత్తి వంచే చేతికి అడ్డు లేదు.

ఈ మధ్యలో మన రెండు రాష్ట్రాలను రెండు పెద్ద డైట్ గాలులు ఊపేశాయి. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వంట చెప్పారు. ఆ తర్వాత వీరమాచనేని రామకృష్ణ అన్నం పూర్తిగా మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, కొబ్బరి నూనె, నెయ్యి లాంటివి తీసుకోమన్నారు. ఒకరు సున్నా, ఇంకొకరు వంద. చిత్రమేమిటంటే రెండు దారుల్లోనూ బరువు తగ్గినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. మొదటి దాంట్లో నూనె పోయింది కాబట్టి కేలరీలు పోయాయి. రెండో దాంట్లో అన్నం, పప్పు, టిఫిన్లు, స్వీట్లు ఒక్కసారిగా పోయాయి, ఆకలి కూడా చచ్చింది, కాబట్టి అంత కొవ్వు తాగినా మొత్తం తిండి తగ్గింది. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, చాలామంది రెండోదాన్ని సగమే తీసుకున్నారు. 'నెయ్యి మంచిదట, కొబ్బరి నూనె మంచిదట' అన్న ముక్క గుర్తుంది, అన్నం మానాలన్న ముక్క నాలుగు నెలలకే జారిపోయింది. ఇప్పుడు మూడు పూటలా అన్నమో టిఫినో ఉంది, దానిమీద ముందుకంటే రెండు స్పూన్ల నెయ్యి ఎక్కువుంది. నా ఉద్దేశంలో గత కొన్నేళ్లలో మన ఇళ్లలో జరిగిన పెద్ద పొరపాటు ఇదే.

గానుగ నూనె విషయంలోనూ ఇదే జరుగుతోంది. రిఫైన్డ్ మానేశాం కదా అన్న ధీమాతో చెయ్యి ఇంకాస్త వంగుతోంది. నూనె రకానికి విలువ లేదని అనను. గుండె సంగతి వచ్చినప్పుడు రకం ముఖ్యమే. నెయ్యి, కొబ్బరి నూనె, పామాయిల్‌లో సంతృప్త కొవ్వు ఎక్కువ, అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పినట్టే వినాలి. ఒకే నూనెకు కట్టుబడకుండా రెండు మూడు రకాలు మార్చి వాడమని పోషకాహార నిపుణులు చెప్పేదీ అందుకే. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో కనిపించే 'కొలెస్ట్రాల్ లేదు' అన్న మాట మాత్రం పట్టించుకోనక్కర్లేదు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉన్నట్టు లెక్కకు రాదు. ఇక నడుం చుట్టుకొలత సంగతి వచ్చినప్పుడు అన్ని నూనెలూ ఒకటే.

సున్నా నూనె వైపు కూడా నేను పోను. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. తోటకూరలోనూ మునగాకులోనూ ఉన్న బీటా కెరొటిన్ బాగా అందాలన్నా కాస్త నూనె తగలాలి. శరీరం తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాలు కొన్ని తిండి నుంచే రావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పోపు వాసన లేని పప్పుతో ఎంతమంది ఏడాది గడపగలరు? నాలుగు వారాల్లో విసిగిపోయి వదిలేసే పద్ధతి ఎంత గొప్పదైనా ఏం లాభం?

మన వంటలో అసలు చిక్కు 'నూనె తేలాలి' అన్న మాట దగ్గరుంది. కూర ఉడికిందనడానికి మనకు గుర్తు అది. మసాలాలో నీరు ఇగిరిపోతే నూనె విడిపోయి పైకి వస్తుంది. అంటే అది నీరు పోయిందనే గుర్తు, నూనె ఎక్కువుండాలన్న నియమమేమీ లేదు. నూనె తక్కువ వేసినా నీరు ఇగిరే సమయం అదే. పచ్చి వాసన పోవడం, ముద్ద బాండీ అంచుల్ని వదిలి దగ్గరపడటం చూసి దించుకోవచ్చు. మా ఇంట్లో ఈ ఒక్క గుర్తు మార్చుకోవడానికే నెల పట్టింది. "నూనె తేలకుండా దించితే కూర నిలవుండదు" అనేది అమ్మ. ఫ్రిజ్ లేని రోజుల్లో ఆ మాటకు బలం ఉండొచ్చు.

పోపు దగ్గర ఇంకో చిన్న సంగతి గమనించాను. వెడల్పు బాండీలో ఒక స్పూన్ నూనె వేస్తే పల్చగా పాకిపోతుంది, ఆవాలు చిటపటలాడకముందే మాడతాయి. అందుకే చెయ్యి ఇంకో స్పూన్, ఇంకో స్పూన్ పోస్తుంది. అదే స్పూన్‌ను చిన్న పోపు గరిటెలో వేస్తే గుంటలో నిలుస్తుంది, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి అందులో మునిగి చక్కగా వేగుతాయి. పప్పుకు 14 గ్రాములు పట్టింది 5 గ్రాములకు దిగింది. రుచిలో తేడా మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు.

వంకాయది వేరే కథ. దాని కండ స్పాంజిలా ఉంటుంది, పోసిన నూనెనంతా పీల్చి ఇంకా కావాలంటుంది. గాట్లు పెట్టిన కాయలను ముందు ఆవిరి మీద మెత్తబడనిస్తే ఆ గాలి గదులు కుంగిపోతాయి, ఆ తర్వాత కారం కూరి బాండీలో వేస్తే నూనె అంతగా పీల్చదు. 96 గ్రాముల కూర 40కి వచ్చింది. పాత గుత్తి వంకాయ రుచి అచ్చంగా ఉందని చెప్పను, కొంచెం తేడా ఉంది. అందుకని చుట్టాలు వచ్చినప్పుడు పాత పద్ధతే. దొండకాయ, బెండకాయ వేపుళ్లు మూత పెట్టి మగ్గనిచ్చి చివర్లో నూనె వేస్తే సగంతో సరిపోతాయి. దోశకు ఉల్లిపాయ సగం ముక్కను నూనెలో అద్ది పెనం మీద రుద్దితే చాలు. బజ్జీలు, పూరీలు వేయించాక మిగిలిన నూనెను మర్నాడు కూరలోకి వాడటం మాత్రం మానుకోవాలి. మళ్లీ మళ్లీ మరిగించిన నూనెలో హానికర పదార్థాలు పెరుగుతాయనే ఆహార భద్రత సంస్థ 2018 జూలై నుంచి వాటికి 25 శాతం పరిమితి అమలు చేస్తోంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం మనకు లేదు.

సీసాలోంచి రాని కొవ్వూ ఉంది. పల్లీల బరువులో దాదాపు సగం నూనే. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది కదా అని పల్లీ చట్నీ గిన్నెడు వేసుకుంటే, పైన కారప్పొడి నెయ్యి పోసుకుంటే లెక్క మారిపోతుంది. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు, టోన్డ్ పాలలో 3. రోజుకు అర లీటరు పాలూ పెరుగూ తీసుకునే మనిషికి ప్యాకెట్ రంగు మార్చడంతోనే 15 గ్రాములు తగ్గుతుంది. ఇంతకంటే తేలిక మార్పు నాకు కనపడలేదు.

ఫలితం ఎంత ఉంటుందో కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. రోజుకు 10 గ్రాముల నూనె తగ్గితే నెలకు 2,700 కేలరీలు. కిలో ఒంటి కొవ్వుకు సుమారు 7,700 అని లెక్క వేస్తారు. అంటే కాగితం మీద మూడు నెలలకు కిలో, ఒంటి మీద ఇంకా కాస్త తక్కువే ఉండొచ్చు. నూనె ఒక్కటే చూసుకుంటే పది కిలోలు తగ్గరు. నడక కావాలి, అన్నం కొలత కావాలి, నిద్ర కావాలి. కానీ నూనెను వదిలేసి మిగిలినవన్నీ చేస్తే చేసిన కష్టమంతా కూర గిన్నెలో కరిగిపోతుంది. అలా కరిగిపోయినవాళ్లను చూసే ఇదంతా రాస్తున్నాను.

ఇంకొక్క మాట మగవాళ్లకు. డాక్టర్ నూనె తగ్గించమన్నారని ఇంటికొచ్చి చెప్పి ఊరుకుంటే ఆ భారమంతా పొయ్యి దగ్గరున్న మనిషి మీద పడుతుంది. కూర చప్పగా ఉందన్న మాటా ఆవిడే పడాలి, బరువు తగ్గకపోతే నిందా ఆవిడే మోయాలి. తగ్గాల్సిన బరువు మనదైతే సీసా తూచే పని కూడా మనమే చేయాలి. నేను కాటా పట్టుకున్నందుకే అమ్మ ఒప్పుకుంది. చెప్పి వెళ్లిపోయి ఉంటే మొదటి రోజే తిట్టి పంపేది.

వారం తూచాక కాటా అటక ఎక్కింది. ఇప్పుడు ఒకటో తారీఖున నెలకు సరిపడా నూనె విడిగా ఒక క్యాన్‌లో పోసి పెడతాం, మూడున్నర ప్యాకెట్లు. క్యాన్ మీద అమ్మ మార్కర్‌తో నాలుగు గీతలు గీసింది, వారానికొకటి. ఈ నెల ఇరవయ్యో తారీఖుకే మూడో గీత దాటింది. అల్లుడొచ్చాడని రెండు రోజులు గారెలు వండింది. "వచ్చే వారం పులుసులు, పచ్చళ్లతో గడుపుదాం" అని క్యాన్ మూత పెడుతూ తనే అంది.